కార్పొరేట్ పునర్వ్యవస్థీకరణ: దశలవారీ పద్ధతి, సత్వర పద్ధతి

ఒక సంస్థ తన యాజమాన్యాన్ని, అప్పులను, వ్యాపార విభాగాలను, సిబ్బందిని, పనితీరును మౌలికంగా మార్చుకోవడాన్ని కార్పొరేట్ పునర్వ్యవస్థీకరణ అంటారు. నష్టాలు, అప్పుల భారం, సాంకేతిక మార్పు, ప్రభుత్వ విధానం, కొత్త యజమాని రాక దీనికి సాధారణ కారణాలు. ఏం మార్చాలన్నది తేలాక ఎంత వేగంగా మార్చాలన్న ప్రశ్న వస్తుంది. అన్నీ ఒకేసారి ప్రకటించి, నెలల్లో ముగించడం సత్వర పద్ధతి. మెట్టు మెట్టుగా, ఒక్కో దశ ఫలితం చూసి తరువాతి దశకు వెళ్లడం దశలవారీ పద్ధతి. ఈ రెండింటిలో ఏది మేలన్న చర్చ నిర్వహణ శాస్త్రంలో అరవై ఏళ్లకు పైగా సాగుతోంది. అనుభవం చూస్తే, సంస్థ మొత్తానికీ ఒకే వేగం అరుదుగా పనికివచ్చింది. ఒకే సంస్థలో కొన్ని పనులు త్వరగా, కొన్ని నిదానంగా జరగవలసి వస్తుంది.

రకాలు

పునర్వ్యవస్థీకరణను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. అప్పుల గడువు పెంచడం, వడ్డీ తగ్గించడం, అప్పును వాటాగా మార్చడం ఆర్థికపరమైనవి. విభాగాలను అమ్మడం, విడదీయడం, మరో సంస్థతో విలీనం చేయడం నిర్మాణపరమైనవి. కర్మాగారాలు మూయడం, సిబ్బందిని తగ్గించడం, పని పద్ధతులు మార్చడం కార్యకలాపాలకు సంబంధించినవి. మొదటి రకం కాగితం మీద జరిగేది కాబట్టి, అప్పిచ్చినవారు ఒప్పుకుంటే త్వరగా పూర్తవుతుంది. మూడో రకం మనుషుల అలవాట్లతో, జీవనాధారంతో ముడిపడినది. వేగం గురించిన వివాదాల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతాయి.

భావన చరిత్ర

సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1947లో మార్పును మూడు దశలుగా వివరించాడు: గడ్డకట్టిన పాత స్థితిని కరిగించడం, మార్చడం, కొత్త స్థితిని మళ్లీ గట్టిపరచడం. 1959లో చార్లెస్ లిండ్‌బ్లామ్, పెద్ద వ్యవస్థల్లో నిర్ణయాలు సమగ్ర ప్రణాళికతో కాక చిన్న చిన్న సర్దుబాట్లతోనే నడుస్తాయని వాదించాడు. జపాన్ కర్మాగారాల్లో రోజువారీ చిన్న మెరుగుదలల సంప్రదాయాన్ని మసాకీ ఇమాయ్ 1986లో ‘కైజెన్’ పేరిట ప్రపంచానికి పరిచయం చేశాడు. దశలవారీ ఆలోచనకు ఇవే మూలాలు.

రెండో పక్షాన మైకేల్ హామర్ నిలిచాడు. పాత పని పద్ధతికి కంప్యూటర్ తగిలించి లాభం లేదని, దాన్ని చెరిపేసి కొత్తగా రాయాలని 1990లో వాదించాడు. 1993లో జేమ్స్ చాంపీతో కలిసి రాసిన పుస్తకంతో ‘రీ ఇంజినీరింగ్’ అన్న మాట బోర్డు గదుల్లో మారుమోగింది. అదే కాలంలో దేశాల స్థాయిలోనూ ఇదే చర్చ నడిచింది. పోలండ్ 1990 జనవరి 1న ఒక్కసారిగా మార్కెట్ విధానాలకు మారింది. చైనా 1978 నుంచి ప్రయోగాలు చేసుకుంటూ అంచెలంచెలుగా నడిచింది. తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థలను ట్రాయ్‌హాండ్ అనే ఒకే ఏజెన్సీ 1990–94 మధ్య అమ్మివేసింది, లేదా మూసివేసింది. మొదట్లో దాని కింద సుమారు 8,500 సంస్థలు, 40 లక్షల మంది ఉద్యోగులు ఉండేవారు. ఆ వేగం మిగిల్చిన చేదు జర్మన్ రాజకీయాల్లో ఇంకా పోలేదు.

2000లో మైకేల్ బీర్, నితిన్ నోరియా ఈ రెండు ధోరణులకు ‘ఇ’, ‘ఓ’ సిద్ధాంతాలని పేర్లు పెట్టారు. మొదటిది వాటాదారుల విలువ కోసం పైనుంచి వేగంగా రుద్దేది. రెండోది సంస్థ సామర్థ్యం పెరగడానికి కింది నుంచి నిదానంగా ఎదిగేది. రెంటినీ కలపగలిగిన సంస్థలే నిలుస్తాయని వారు తేల్చారు. అందుకు బ్రిటన్ సూపర్‌మార్కెట్ సంస్థ ఆస్డాను ఉదాహరణగా చూపారు.

సత్వర పద్ధతి

చేతిలో నగదు తరిగిపోతున్నప్పుడు, అనిశ్చితి వల్ల మంచి ఉద్యోగులు, ఖాతాదారులు వెళ్లిపోతున్నప్పుడు సత్వర పద్ధతిని ఎంచుకుంటారు. ఒక్కసారే కోత పెడితే, మిగిలినవారికి తాము మిగిలామన్న సంగతి తెలుస్తుందన్నది దీని ప్రధాన తర్కం.

ఐబీఎం అనుభవం ఈ తర్కానికి బలమిచ్చింది. 1985లో ఆ సంస్థలో 4 లక్షల మందికి పైగా పనిచేసేవారు. తరువాతి ఏళ్లలో ముందస్తు పదవీ విరమణ పథకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సిబ్బంది తగ్గారు గానీ నష్టాలు ఆగలేదు, ‘తరువాత ఎవరి వంతు’ అన్న భయమూ తగ్గలేదు. 1993 ఏప్రిల్‌లో పగ్గాలు చేపట్టిన లూ గెర్స్‌నర్ జులైలో మరో 35,000 ఉద్యోగాల కోతను, 890 కోట్ల డాలర్ల పునర్వ్యవస్థీకరణ ఖర్చును ఒకేసారి ప్రకటించాడు. ఆ ఏడాది సంస్థ నష్టం 810 కోట్ల డాలర్లు. అయితే సంస్థను ముక్కలు చేయాలన్న పాత ప్రతిపాదనను ఆయన పక్కన పెట్టాడు. యంత్రాలు అమ్మే సంస్థను సేవలు అమ్మే సంస్థగా మార్చడానికి మాత్రం 2002లో దిగిపోయేదాకా సమయం తీసుకున్నాడు.

జపాన్ కార్ల సంస్థ నిస్సాన్‌లో 1999లో ఫ్రాన్స్ సంస్థ రెనో 36.8 శాతం వాటా కొన్నది. అక్కడినుంచి వచ్చిన కార్లోస్ ఘోన్ ఆ అక్టోబర్ 18న పునరుద్ధరణ ప్రణాళికను ప్రకటించాడు. ఐదు కర్మాగారాల మూత, 21,000 ఉద్యోగాల తగ్గింపు, విడిభాగాల సరఫరాదారులను 1,145 నుంచి 600కు కుదించడం, కొనుగోళ్ల ఖర్చులో 20 శాతం కోత, అప్పును సగానికి తేవడం అందులోని లక్ష్యాలు. వాటిని అనుకున్నదానికన్నా ఏడాది ముందే అందుకున్నారు. ఇక్కడ తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. ప్రకటనకు ముందు నెలల తరబడి వివిధ విభాగాల ఉద్యోగులతో తొమ్మిది బృందాలు కూర్చుని ఆ అంకెలను తేల్చాయి. బయటికి మెరుపులా కనిపించిన వేగం వెనుక లోపల ఓపికగా చేసిన లెక్క ఉంది. ఉద్యోగాల తగ్గింపులోనూ ఎక్కువ భాగం పదవీ విరమణలు, బదిలీల ద్వారానే జరిగింది.

లెక్క లేని వేగం ఎటు తీసుకుపోతుందో అమెరికా గృహోపకరణాల సంస్థ సన్‌బీమ్ చూపింది. 1996లో అధిపతిగా వచ్చిన ఆల్ డన్‌లాప్ 12,000 ఉద్యోగాల్లో సగం తీసేస్తానని, 26 కర్మాగారాల్లో 18 మూసేస్తానని ప్రకటించాడు. షేరు ధర ఎగిసింది. అమ్మకాలను కాగితాల మీద పెంచి చూపారన్న సంగతి బయటపడ్డాక 1998లో బోర్డు ఆయన్ను తొలగించింది. 2001లో సంస్థ దివాలా రక్షణ కోరింది.

సత్వర పద్ధతిలో మరో నష్టం కంటికి కనిపించదు. ఏ యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ ఖాతాదారు ఎందుకు అలుగుతాడో తెలిసిన పాతకాపులు ఒక్కరోజులో వెళ్లిపోతారు. ఆ తెలివిడి ఏ ఫైలులోనూ దొరకదు. మిగిలిన ఉద్యోగుల్లో అపరాధభావం, అపనమ్మకం పెరగడాన్ని జోయెల్ బ్రాక్‌నర్ వంటి పరిశోధకులు 1980ల నుంచి అధ్యయనం చేశారు. తొలగింపు న్యాయంగా జరిగిందని, కారణం నిజాయితీగా చెప్పారని మిగిలినవారు నమ్మినచోట ఆ ప్రభావం తక్కువగా ఉంటుందని ఆ అధ్యయనాలు చెబుతాయి.

దశలవారీ పద్ధతి

తక్షణ ప్రమాదం లేనప్పుడు, ఉత్పత్తి ఆగడానికి వీల్లేనప్పుడు, కార్మిక సంఘాల సమ్మతి అవసరమైనప్పుడు సంస్థలు ఈ దారి పడతాయి. పొరపాటు చిన్న స్థాయిలోనే బయటపడుతుంది, దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్‌లో 1990ల మొదట్లో సుమారు 78,000 మంది పనిచేసేవారు. సరళీకరణ తరువాత ప్రపంచ ధరలతో పోటీ పడాలంటే ఆ సంఖ్య తగ్గక తప్పదని సంస్థకు తెలుసు. ముందుగా వైదొలిగేవారికి పదవీ విరమణ వయసు దాకా నెలనెలా జీతం చెల్లించే పథకం తెచ్చింది. పనిచేయనివారికి జీతమా అని విమర్శలు వచ్చాయి. కానీ యంత్రాల ఆధునికీకరణ, సిబ్బంది తగ్గింపు పక్కపక్కనే సాగి, పదేళ్లు దాటేసరికి ఆ సంఖ్య దాదాపు సగమైంది. పెద్ద సమ్మె లేకుండా ఇది జరగడమే ఆ పథకానికి దక్కిన ప్రతిఫలం.

తెలంగాణలోని సింగరేణి కాలరీస్ మరో ఉదాహరణ. 1990లలో ఈ సంస్థ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆర్థిక వెసులుబాటు, ఓపెన్‌కాస్ట్ గనుల విస్తరణ, 1998లో మొదలైన గుర్తింపు సంఘం ఎన్నికలు కలిసి దాన్ని మళ్లీ లాభాల్లోకి తెచ్చాయి. అప్పట్లో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య పదవీ విరమణలు, స్వచ్ఛంద విరమణలతో మూడు దశాబ్దాల్లో సుమారు 40 వేలకు దిగింది. మూకుమ్మడి తొలగింపు జరగలేదు. అయితే భారం మాయం కాలేదు, తరువాతి తరం మీదికి జరిగింది. తండ్రి దిగిన గనిలోకి కొడుకు దిగే అవకాశం కుంచించుకుపోయి, వారసత్వ ఉద్యోగాల ప్రశ్న కోల్‌బెల్ట్ ఎన్నికల్లో ఏళ్ల తరబడి ప్రధాన నినాదంగా నిలిచింది.

దశలవారీ పద్ధతికి ఉన్న పెద్ద ప్రమాదం సాగదీత. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన లాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు 2013లో బ్యాంకులు అప్పుల పునర్వ్యవస్థీకరణ చేశాయి. విద్యుత్ ప్రాజెక్టుల కష్టాలు తీరకపోవడంతో గడువు పెరిగినా అప్పు తగ్గలేదు. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యలకు గుర్తించిన 12 పెద్ద ఖాతాల్లో అదీ ఒకటైంది. 2018 ఆగస్టులో దాని ఆస్తుల విక్రయానికి ట్రిబ్యునల్ ఆదేశించింది.

విద్యుత్ బోర్డులు: ఒకే సంస్కరణ, వేర్వేరు వేగాలు

1990లలో భారత రాష్ట్రాల విద్యుత్ బోర్డులన్నిటికీ దాదాపు ఒకే జబ్బు: నష్టాలు, చౌర్యం, పాత లైన్లు. సూచించిన మందు కూడా ఒకటే: ఉత్పత్తి, సరఫరా, పంపిణీలను విడదీసి, ధరల నిర్ణయాన్ని స్వతంత్ర కమిషన్‌కు అప్పగించడం. రాష్ట్రాలు మాత్రం వేర్వేరు వేగాలతో నడిచాయి.

ఒడిశా ముందుగా దూకింది. 1996 ఏప్రిల్ 1న బోర్డును విడదీసి, 1999లో నాలుగు పంపిణీ మండలాలనూ ప్రైవేటు సంస్థలకు అమ్మేసింది. మీటర్లు లేని కనెక్షన్లు ఎన్నో, అసలు నష్టం ఎంతో సరిగా తేలకముందే అమ్మకం పూర్తయింది. అదే ఏడాది అక్టోబర్‌లో సూపర్ సైక్లోన్ లైన్లను నేలకూల్చింది. ఒక మండలం కొన్న అమెరికా సంస్థ ఏఈఎస్ 2001లో వదిలి వెళ్లింది. మిగిలిన మూడింటి లైసెన్సులను రాష్ట్ర కమిషన్ 2015లో రద్దు చేసింది. 2020–21లో టాటా పవర్ రాకతో రెండో ప్రయత్నం మొదలైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మెట్లు కట్టుకుంది. విద్యుత్ సంస్కరణలపై వేసిన హితేన్ భయా కమిటీ సిఫార్సుల తరువాత 1998లో చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్ఈబీ స్థానంలో ఉత్పత్తికి జెన్‌కో, సరఫరా, పంపిణీలకు ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. 2000 ఏప్రిల్‌లో ట్రాన్స్‌కో నుంచి హైదరాబాద్, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి కేంద్రాలుగా నాలుగు పంపిణీ సంస్థలు విడివడ్డాయి. ఉద్యోగుల సేవా నిబంధనలు, పింఛన్లకు ప్రభుత్వం, బోర్డు, సంఘాల మధ్య త్రైపాక్షిక ఒప్పందం హామీ ఇచ్చింది. ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది.

సంస్థాగతంగా మెట్టు మెట్టుగా సాగినా, ఛార్జీల పెంపు దగ్గర వేగం ప్రజలకు ఒక్కసారే తగిలింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తరువాత పంపిణీ సంస్థల ప్రైవేటీకరణ అన్న మెట్టు ఎక్కడానికి ఏ ప్రభుత్వమూ ముందుకు రాలేదు. దశలవారీ దారిలో మధ్యలో ఆగే వీలు ఉంటుంది. సంస్కరణ కోరినవారు దాన్ని వైఫల్యమంటారు, వ్యతిరేకించినవారు రక్షణ అంటారు.

సత్యం: వేగమూ నిదానమూ ఒకే చోట

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వ్యవస్థాపకుడు రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదులో 5,040 కోట్లు లేవని ఒప్పుకున్నాడు. హైదరాబాద్‌లో పుట్టి, 50 వేల మంది దాకా ఉద్యోగులున్న సంస్థకు ఆ నెల జీతాలు ఎలా ఇవ్వాలన్నదే మొదటి ప్రశ్న అయింది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, కిరణ్ కార్ణిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లతో కొత్త బోర్డును మొదలుపెట్టింది. తరువాత మరో ముగ్గురు చేరారు. ఖాతాల అసలు లెక్క తేలకుండానే వేలం నిర్వహించారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలతో గెలిచింది. లేఖకూ వేలానికీ మధ్య 96 రోజులు.

ఇక్కడ వేగమే మందు. ఖాతాదారులు కాంట్రాక్టులు మార్చుకునేలోగా యజమాని దొరక్కపోతే అమ్మడానికి ఏమీ మిగిలేది కాదు. కొత్త యాజమాన్యం పని లేని వేలమంది ఉద్యోగులను తక్కువ వేతనంతో కొన్ని నెలలు ప్రత్యేక జాబితాలో ఉంచింది. సరిచేసిన ఖాతాలు 2010 సెప్టెంబర్‌లో బయటికి వచ్చాయి. రెండు సంస్థల విలీనం 2013 జూన్‌లో గానీ పూర్తి కాలేదు. అంటే యజమాని మారడానికి మూడు నెలల చిల్లర, రెండు సంస్థలు ఒకటి కావడానికి నాలుగేళ్లు పట్టాయి.

భారత చట్టాల్లో వేగం

భారతదేశంలో వేగాన్ని యాజమాన్యం ఒక్కటే నిర్ణయించలేదు. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద 1987లో పనిచేయడం మొదలుపెట్టిన బీఐఎఫ్ఆర్ రక్షణలో ఎన్నో సంస్థలు బతకకుండా, చావకుండా ఏళ్ల తరబడి ఉండిపోయాయి. 2016 డిసెంబర్‌లో దాన్ని రద్దు చేశారు. అదే ఏడాది వచ్చిన దివాలా స్మృతి 180 రోజుల గడువు పెట్టి, 90 రోజుల పొడిగింపుకు వీలిచ్చింది. 2019లో చేసిన సవరణ వ్యాజ్యాల కాలంతో కలిపి 330 రోజుల హద్దు గీసింది. ఆచరణ వేరుగా ఉంది. 2017 ఆగస్టులో మొదలైన ఎస్సార్ స్టీల్ కేసు 2019 డిసెంబర్‌లో ఆర్సెలర్ మిట్టల్ చేతికి వెళ్లేదాకా సాగింది.

సిబ్బంది విషయంలో పారిశ్రామిక వివాదాల చట్టం, 100 మంది, అంతకు పైన కార్మికులున్న కర్మాగారం తొలగింపులకు, మూసివేతకు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలంది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ హద్దును 300కు పెంచింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు ఇక్కడ అంతగా వ్యాపించడానికి ఈ నిబంధన ఒక ముఖ్య కారణం.

ప్రభుత్వ రంగంలో మరో చిక్కు ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో పూర్తి వాటా ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కార్మికులు రిలే దీక్షలకు దిగారు. అమ్మకం జరగలేదు, నిర్ణయం వెనక్కీ పోలేదు. ఆ స్థితిలో నాలుగేళ్లు గడిచాక 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. ప్రకటనకూ అమలుకూ మధ్య ఇలాంటి ఖాళీని దశలవారీ పద్ధతి అనలేం. దశలంటే ముందే తెలిసిన మెట్లు ఉండాలి.

ఎంపికను నిర్ణయించే అంశాలు

‘నిదానమే ప్రధానం’ అనీ అంటాం, ‘ఆలస్యం అమృతం విషం’ అనీ అంటాం. ఏ సామెత ఎక్కడ వర్తిస్తుందో తేల్చడానికి నిర్వాహకులు సాధారణంగా ఐదు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటిది నగదు. చేతిలోని డబ్బు ఎన్ని నెలల జీతాలకు, వడ్డీలకు సరిపోతుంది? సత్యంలా వారాల లెక్కలో ఉంటే చర్చకు తావు లేదు. ఏళ్ల లెక్కలో ఉంటే తొందర అక్కరలేదు.

రెండోది వెనుదిరిగే వీలు. అప్పు షరతులను మళ్లీ మార్చుకోవచ్చు. చల్లారిన బ్లాస్ట్ ఫర్నేస్‌ను తిరిగి వెలిగించడం, చెదిరిన నిపుణుల బృందాన్ని తిరిగి కూర్చడం కష్టం. వెనక్కి తీసుకోలేని పనిని ముందు చిన్నగా చేసి చూడడం మేలు.

మూడోది ముడి. ఒక భాగాన్ని మారిస్తే మిగతావన్నీ మారక తప్పనిచోట సగం మార్పు ఎక్కువ హాని చేస్తుంది. కొన్ని విభాగాల్లో పాత లెక్కల విధానం, మరికొన్నిటిలో కొత్తది నడిపితే రెండూ నమ్మదగ్గవి కాకుండా పోతాయి.

నాలుగోది సమాచారం. రోగం తెలియకుండా కోత పెట్టిన ఒడిశా, తొమ్మిది బృందాలతో లెక్క తేల్చుకున్న నిస్సాన్ ఈ ప్రశ్నకు రెండు కొసలు.

ఐదోది నమ్మకం. గతంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్న యాజమాన్యం దశలవారీగా అడిగినా ఉద్యోగులు ఓపిక పడతారు. మాట తప్పినచోట ప్రతి దశా కొత్త వంచనగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్నలకు జవాబులు ఒకే సంస్థలో విభాగానికొకటిగా ఉండవచ్చు. ఫొటో ఫిల్ముకు గిరాకీ పడిపోయినప్పుడు ఫుజీఫిల్మ్ అధిపతి షిగెతాకా కొమోరి 2006లో ఫిల్ము వ్యాపారంలో సుమారు 5,000 ఉద్యోగాల తగ్గింపు ప్రకటించాడు. ఫిల్ము తయారీలో దశాబ్దాలుగా పోగైన రసాయన పరిజ్ఞానాన్ని మాత్రం సౌందర్య సాధనాలు, ఔషధాలు, తెరలకు వాడే పొరల వైపు కొన్నేళ్లపాటు మళ్లించాడు. పోటీ సంస్థ కోడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

మూల్యాంకనం

ఏ పద్ధతి గెలిచిందన్న తీర్పు ఎప్పుడు కొలిచామన్నదాని మీద ఆధారపడుతుంది. 1997లో కొలిస్తే సన్‌బీమ్ విజయం, 2001లో కొలిస్తే పతనం. సింగరేణి లాభనష్టాల పట్టిక చూస్తే విజయం, ఉద్యోగం దొరకని కార్మికుడి కొడుకును అడిగితే జవాబు వేరు. పునర్వ్యవస్థీకరణ ఖర్చును ఎవరు, ఎప్పుడు భరించారన్న లెక్క చాలా కంపెనీల వార్షిక నివేదికల్లో కనిపించదు.

పై ఉదాహరణల నుంచి ఒక క్రమం మాత్రం తేలుతుంది. చెడ్డ వార్త చెప్పడం, నగదు కారిపోకుండా ఆపడం, ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో తేల్చడం త్వరగా జరిగినచోట సంస్థలు నిలదొక్కుకున్నాయి. నైపుణ్యం, పని అలవాట్లు, రెండు సంస్థల కలయిక వంటివాటికి ఎంత పెద్ద అధిపతి వచ్చినా ఏళ్లే పట్టాయి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, కోతను సాగదీసి, నిర్మాణంలో తొందరపడిన సంస్థలు రెండు పద్ధతుల నష్టాలనూ మూటగట్టుకుంటాయి.